నలభై ఒకటో అంకె

రెప్పల సందులోంచి వెలుగు దూరగానే సుగతన్‌కు మొదట కనిపించింది తల పైన వేలాడుతున్న సీసా. దాని మీద నల్ల సిరాతో 41.

నలభై ఒకటి! ఆ అంకె సీసాల్లో అసలు మందు నింపింది తనే.

తలకు దెబ్బ తగిలాక మెదడులో రగిలే వాపును చల్లార్చే కొత్త మందు అది. ఈ ఆసుపత్రిలో నాలుగేళ్లుగా పరీక్షిస్తున్నారు. కొందరికి మందు, కొందరికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికి ఏది పడుతోందో రోగులకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. మందుల గదిలో కూర్చుని నింపే సుగతన్ ఒక్కడికే తెలుసు. పెరట్లో కొబ్బరికాయ నెత్తిన పడి ఇప్పుడు తనే రోగిగా ఇక్కడికొచ్చాడు.

"ఏట్టా, వినబడుతోందా?" ఎప్పటిలా ఏట్టా అని భర్తను పిలుస్తూ ఓమన గొంతు నీటి అడుగునుంచి వచ్చింది. "డాక్టరమ్మా, బతుకుతారా?"

"వాపు తగ్గాలి. చూద్దాం."

ఏడవకు ఓమనా, నాలోకి ఎక్కేది నీళ్లు కాదు అనాలనుకున్నాడు. నాలుక కదల్లేదు. మళ్లీ మత్తులో మునిగిపోయాడు.

ఊరి కాయల్, ఆ ఉప్పుటేటి నీళ్ల మీద దోనెలో వెల్లకిలా తేలుతున్నాడు. ఒడ్డున అతని తలే గడ్డివాములా కాలుతోంది. సీసాలోంచి ఒక్కో చుక్క దాని మీద పడుతోంది. పడ్డచోటల్లా మంట పొగవుతోంది, పొగ కొంగల బారై ఎగిరిపోతోంది. ఎంత హాయి!

ఆ హాయిలోనే ఒక ముల్లు. గుట్టు తెలిసినవాడు లెక్కలో ఉంటే నాలుగేళ్ల పరీక్షా చెడుతుంది. చెబితే తనను తీసేస్తారు, సీసా ఆపేస్తారు. మందు ఏడు రోజులు పడాలి. ఓమన మాటలను బట్టి మూడు రోజులే అయింది, ఇంకా నాలుగున్నాయి. నాలుక తిరిగొచ్చినా రోజంతా నోరు విప్పలేదు.

మర్నాడు గంజి రెండు చెంచాలు దిగింది. డాక్టర్ ఆనీ నవ్వింది.

"కాయ రెండు చెక్కలైందట, సుగతన్ చేట్టా. మీ తల గట్టిదే!"

"ముప్పై ఏళ్లుగా చెబుతున్నా, ఎవరూ నమ్మలేదు," అంది ఓమన.

సుగతన్ నవ్వలేదు. "డాక్టర్, నన్ను పరీక్షలోంచి తీసేయండి."

"ఏమిటీ?"

"ఆ సీసాలో ఏముందో నాకు తెలుసు. తెలిసినవాణ్ణి లెక్కలో పెట్టుకోకూడదు." కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "ఆపేయండి."

ఓమన అతని చెయ్యి పట్టుకుంది. "ఏట్టా, నీకు పిచ్చా? ప్రాణం మీదికొచ్చాక కూడా ఈ నీతులేనా?"

డాక్టర్ ఆనీ సీసా వంక చూసింది, అతని వంక చూసింది.

"గుట్టు తెలిసినవాణ్ణి పరీక్షలో ఎవరైనా చేర్చుకుంటారా చేట్టా? ఆ నలభై ఒకటి మీ మంచం నంబరు. అందులో ఉన్నవి ఉత్త ఉప్పునీళ్లే!"