ఏడోసారి

“మళ్లీ పోయిందండి,” అన్నాడు అటెండరు ముసలయ్య, మేనేజరు గది గుమ్మంలో నిలబడి.

“మనిషి పోయిన కబురులా చెప్పకు. ఎన్నోసారి?” అన్నాడు గోపాలరాజు.

“ఆరోసారండి. మా మావయ్య కూడా ఇన్నిసార్లు పోలేదు. రెండుసార్లు పాడె మీంచి లేచొచ్చాడు గానీ, మూడోసారి మేమే లేవనివ్వలేదు.”

గోపాలరాజు నవ్వలేదు. సిగరెట్టు నలిపి కిటికీలోంచి చూశాడు. చెరుకు బళ్లు చక్కెర ఫ్యాక్టరీ గేటు దాటి కాలవ వంతెన దాకా ఆగిపోయి ఉన్నాయి. కంప్యూటరు తూకం చీటీ ఇస్తే తప్ప బండి కదలదు. గంట గడిచేకొద్దీ చెరుకు ఎండిపోతోంది. రైతులు బళ్ల కింద పడుకుని ఫ్యాక్టరీని పేరుపేరునా తిడుతున్నారు.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. పది రోజుల క్రితం మద్రాసు కంపెనీ ఒక ఫ్లాపీల డబ్బా పంపింది. ఆ కంప్యూటరు మెషీనుని నడిపే సాఫ్టువేరులో కొత్త రకం వచ్చిందనీ, పాతది తీసేసి ఇది ఎక్కించమనీ ఉత్తరం. ఆపరేటరు మీనాకుమారి మంచిరోజు చూసి, మెషీనుకి బొట్టు పెట్టి, గుమ్మంలో కొబ్బరికాయ కొట్టించి ఎక్కించింది. మర్నాడే మెషీను మొదటిసారి ఆగిపోయింది. రెండు గంటలు తంటాలు పడితే లేచింది. ఆ తరవాత వరసగా పడిపోవడమే.

ఆ మొదటిరోజున ముసలయ్య ఆమెకి ధైర్యం చెప్పబోయాడు. “దిష్టమ్మా, ఇంకేం కాదు. మా ఊరి రైసుమిల్లు ఇంజను కొత్త బెల్టు వేసిన రోజే మొరాయించింది. దిష్టి తీశారు. అంతే, మిల్లుతో సహా కాలవ దాటేసి అవతలి గట్టున ఆగింది.”

మీనాకుమారి నవ్వలేదు. ఆమె భర్త మూడేళ్ల క్రితం ఇదే ఫ్యాక్టరీలో చెరుకు గానుగలో పడి చనిపోయాడు. ఆయన బదులు ఇచ్చిన ఉద్యోగం ఇది. ఇంట్లో ఇద్దరు పిల్లలు.

“ఎక్కించేటప్పుడు ఏదో తప్పు చేసుంటావమ్మా,” అన్నాడు గోపాలరాజు, ఆరోసారి పడ్డాక ఆమెని పిలిపించి.

“లేదండి. ఉత్తరంలో రాసినవన్నీ వరసగా చేశానండి. ఒక్కోటీ అయ్యాక టిక్కు కూడా పెట్టుకున్నాను.”

“టిక్కులు చూపిస్తే రైతులు ఊరుకుంటారా?”

మర్నాడు మద్రాసు మెయిల్లో కంపెనీ ఇంజనీరు మల్లేశ్వరరావు దిగాడు. దారంతా కిటికీ పక్కన కూర్చుని జలుబు తెచ్చుకున్నాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే ఫ్యాక్టరీలోకి వచ్చాడు.

“అదృష్టవంతులు బాబుగారు,” అన్నాడు ముసలయ్య. “మా మొలాసిస్ మడ్డి కంపు తగలకుండా ఈ గేటు దాటింది మీరొక్కరేనండి.”

ఇంజనీరు కొత్త సాఫ్టువేరు తీసేసి పాతది ఎక్కించాడు. ఆ పైన డిస్కు విప్పి, లోపల స్పిరిట్టు దూదితో తుడిచాడు. దూది నల్లబడింది. దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.

“ఈ గదిలోకి ఎవరెవరు వస్తారమ్మా?”

“నేనొక్కదాన్నేనండి. అప్పుడప్పుడు మేనేజరుగారు.”

ఆయన దూది జేబులో వేసుకుని మేనేజరు గదికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

“మెషీను గదిలో సిగరెట్టు కాలుస్తారా సార్?”

గోపాలరాజు చేతిలోది కిందికి దించాడు. “ఎప్పుడైనా. ఒకటో రెండో.”

“డిస్కుని చదివే ముల్లు దాని మీద వెంట్రుకలో పదో వంతు ఎత్తున తేలుతూ ఉంటుంది. పొగ నలుసు దానికి దారిలో బండరాయి. ఇది చూడండి, మసి. కొత్త సాఫ్టువేరు తప్పు కాకపోవచ్చు. ఇంకోసారి గీరుకుందంటే డిస్కు పనికిరాదు. ఈ సీజనుకి మెషీను లేనట్టే.”

గోపాలరాజు లేచి తలుపు గడియ పెట్టాడు.

“రిపోర్టులో సాఫ్టువేరనే రాయండి,” అన్నాడు. “ఇవాళ్టి నుంచి ఆ గదిలో నేను సిగరెట్టు ముట్టను. పొగ మాట మాత్రం ఈ తలుపు దాటకూడదు. చైర్మను చెవిన పడితే ఆ బళ్లన్నీ నా మీంచి పోతాయండి.”

ఇంజనీరు తుమ్మి, సరేనన్నాడు.

మూడు రోజులు ఆయన పొద్దున తాళం తీసిన దగ్గర్నుంచి సాయంత్రం వేసేదాకా మెషీను ముందే కూర్చున్నాడు. మీనాకుమారి మూల స్టూలు మీద కూర్చుంది. “మూడు రోజులై గిన్నె పట్టుకుని రావట్లేదేంటండి?” అని క్యాంటీను చిట్టియ్య అడిగితే, ఇంజనీరుగారున్నారని చెప్పింది.

మెషీను ఒక్కసారీ పడలేదు. వంతెన మీది బళ్లన్నీ లోపలికి వచ్చేశాయి. మూడో సాయంత్రం ఇంజనీరు గాలి పీల్చి, “అబ్బ, ఏంటండీ ఈ కంపు,” అన్నాడు. జలుబు తగ్గిందని అందరూ నవ్వారు. ఆ రాత్రి బండికే ఆయన వెళ్లిపోయాడు.

వెళ్లగానే గోపాలరాజు మీనాకుమారి ముందు ఒక కాగితం పెట్టాడు.

“పాత సాఫ్టువేరే ఎక్కించారు. ఇక దాని తప్పేం లేదు. ఏడోసారి పడిందంటే నీ చేతి తప్పే. ఉద్యోగం ఉండదు. చదువుకుని సంతకం పెట్టు.”

ఆమె చదవకుండానే పెట్టింది. “ఇక పడదండి.”

“ఇంజనీరు మీద అంత నమ్మకమా?”

“ఆయన్ని పంపించిన భీమేశ్వరుడి మీదండి.”

మర్నాడు పొద్దున ఆమె క్యాంటీనుకి వెళ్లి, మూత గిన్నెతో తిరిగొచ్చింది. బయట మొదటి బండి తూకానికి కదిలింది. లోపల మెషీను సన్నగా హోరుమంటోంది. కొత్త ఫ్లాపీలు ఎక్కించిన రోజు నుంచి, ఇంజనీరున్న మూడు రోజులు తప్ప, ఏ పొద్దూ మానని పని ఒకటుంది ఆమెకి. ఏసీ చల్లగాలి బయటికి పోకుండా తలుపు గట్టిగా మూసి, మెషీను ముందు కూర్చుని గిన్నె మూత తీసింది.

మానేసిన మూడు రోజులకీ కలిపి, నిప్పుల మీద నాలుగు గుప్పిళ్ల సాంబ్రాణి వేసింది.