మెట్టు మీద సంచి

సంచి గల్లీలో ఉంది.

లక్ష్మీకాంతమ్మ గడపలోనే ఆగిపోయింది. నిన్న మంచి ఘడియ చూసి ఎదురింటి ఆండాలు చేతికిచ్చిన సంచి అది. దేవుని అర్రలో పెట్టమని మరీ మరీ చెప్పింది. ఇప్పుడది ఆండాలు ఇంటి బయట రాతి మెట్టు మీద ఉంది. పక్కనే ఆండాలు గోడకు ఒరిగి కూర్చుంది.

“ఏమయ్యా, జర ఇటు రా! మన సంచి బయట పడేసిండ్రు!”

ఆమె మొగుడు వైకుంఠం కారు డిక్కీ మూసి ఉరికొచ్చాడు. చూశాడు.

ఈ రోజు గురువారం, దక్షిణం వైపు పోకూడదు. ఈ రోజే బయల్దేరకపోతే లంకకు పోయే ఓడ అందదు. అలాంటప్పుడు ముందు రోజే బట్టలు రెండు సంచిలో పెట్టి, ఇంకొకరి ఇంట్లో ఉంచుతారు. ప్రస్థానం అంటారు దాన్ని. సంచి గడప దాటితే మనిషి దాటినట్టే. ఆ సంచి వెనక్కి రాకూడదు. అది ఉన్న ఇంట్లో ఏ కీడూ జరగకూడదు. జరిగితే ప్రయాణం లేదు.

లక్ష్మీకాంతమ్మకు సముద్రం పేరు చెబితేనే భయం. ప్రస్థానం పెడితేనే వస్తానని ఒప్పుకుంది.

“నేను రాను,” అంది ఇప్పుడు.

“గట్లంటే ఎట్ల? తూత్తుకుడిల కారును ఇనుప డబ్బాల పెట్టి ఓడ ఎక్కియ్యాలె. మనం నాగపట్నం పోయి ఇంకో ఓడల లంకకు పోవాలె. దేశం దాటే కారుకు పాసుపోర్టు కోసం ఏడాది తిరిగిన. ఈ తేది తప్పితే అన్ని కాయిదాలు మళ్ల మొదటికెల్లి.”

“కారుకు పాసుపోర్టు ఉంటే కారునే పొమ్మను.”

“నలభై ఏండ్ల సంది లంక దాల్చినచెక్క అమ్ముతున్ననే. చెక్క జూసిన, చెట్టు జూడలే. ఒక్కసారి దాని కింద నిలవడాలె. గంతే.”

“మన కార్వాన్‌ల చెట్లు లేవా? ఏదో ఒకదాని కింద నిలవడు.”

వైకుంఠం కోపం ఆండాలు మీదికి మళ్లింది.

“ఏంది చెల్లె ఇది? దేవుని అర్రల పెట్టుమంటే గల్లీల పెడ్తవా? కుక్కలు తిరుగుతయి.”

ఆండాలు తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“పక్కనే కూసున్న అన్నా. ఏదీ తాకలే.”

“నీ ఇంట్ల దానికి జాగ లేకపోయెనా?”

ఆండాలు లక్ష్మీకాంతమ్మ దిక్కు తిరిగింది.

“వదినా, సంచి ఎనుకకు రాలే. ముంగటికే పోయింది. మీ ఇంట్ల కెల్లి మా ఇంట్లకు, మా ఇంట్ల కెల్లి బయటికి. గిప్పుడు కారెక్కుతది. మంచిదే కద? ఫికర్ చెయ్యకు. పో వదినా.”

లక్ష్మీకాంతమ్మ ఆలోచించింది. మాట సబబే. శాస్త్రం తప్పలేదు. కానీ కోపం తగ్గలేదు.

“సరే. మీ అత్తమ్మ కాళ్లు మొక్కి పోతం. తలుపు తియ్యి.”

ఆండాలు లేచి తలుపుకు అడ్డం నిలబడింది.

“పండుకున్నది. లేపకు.”

“సుందరమ్మ అత్త గింత పొద్దెక్కేదాక పండుకుంటదా? నాకు తెల్వదా?”

“లేపకు వదినా. నీకు దండం పెడ్త.”

లోపల ఎవరో మెల్లగా మాట్లాడుతున్నారు. గడప దగ్గర చెప్పులు కుప్పగా ఉన్నాయి. తలుపు సందులోంచి ఆండాలు మొగుడు ఓదెలు తొంగి చూశాడు. ఆండాలు వెనక్కి చేయి పెట్టి తలుపు లాగేసింది.

“గిన్ని చెప్పులేంది?” అన్నాడు వైకుంఠం. “చుట్టాలను పిలిచిండ్రు, ఎదురింటోళ్లకు చెప్పలే. మేం పోతున్నమని దావత్ చేస్కుంటుండ్రా?”

ఆండాలు తలుపు గొళ్లెం గట్టిగా పట్టుకుంది.

లక్ష్మీకాంతమ్మ కొంగులోంచి కుంకుమ భరిణె తీసి చాపింది. ప్రస్థానం పెట్టుకున్న ఇంటి ఇల్లాలు బొట్టు పెట్టి సాగనంపాలి.

ఆండాలు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

“నువ్వే పెట్టుకో వదినా.”

లక్ష్మీకాంతమ్మ భరిణె వెనక్కి తీసుకుంది. ఒకే గల్లీలో ఇరవై ఏళ్లు. పండగ వస్తే ముందు బొట్టు ఆండాలుదే.

“బొట్టు సుత పెట్టవా? మేం ఏం జేసినమే నిన్ను?”

“జల్ది పోండ్రి అన్నా,” అంది ఆండాలు వైకుంఠంతో. “ఎండ ముదురుతది.”

“వెళ్లగొడుతున్నది చూడు,” అన్నాడు వైకుంఠం. “మనం సముద్రం దాటుతున్నమని కడుపుల మంట. గంతే. నడువు నడువు, కారెక్కు.”

లక్ష్మీకాంతమ్మ కుంకుమ తానే పెట్టుకుంది. సంచి ఎత్తి చంకన పెట్టుకుంది. కారు తలుపు తీసి వెనక్కి తిరిగింది.

“ఆండాలూ, గీ మాట యాది పెట్టుకో. తిరిగొచ్చినంక నీ గడప తొక్క. నీ మొఖం జూడ. నీ ఇంట్ల సావైనా, పెండ్లయినా నన్ను పిలువకు.”

ఆండాలు తలూపింది. “మంచిగ పోయి రాండ్రి,” అంది.

కారు కదిలింది. ఎదురుగా వస్తున్న పాల బండికి దారిచ్చింది. గల్లీ చివర ఆగింది. ఆండాలు ఊపిరి బిగబట్టి చూసింది. కారు పురానాపూల్ వైపు మళ్లింది. చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా ఆమె మెట్టు మీదే నిలబడింది.

తర్వాత తలుపు బార్లా తెరిచింది. తెల్లవారకముందు, అత్త ఊపిరి ఎగపోస్తుండగానే, ప్రాణం పోకముందే, ఆ సంచిని ఇంటి బయటికి చేర్చింది తనే. లోపల నేల మీద సుందరమ్మ. తలాపున దీపం. చుట్టూ నోళ్లలో కొంగులు కుక్కుకుని కూర్చున్న ఆడబిడ్డలు.

“వాళ్లు పోయిండ్రు,” అంది ఆండాలు. “ఇగ ఏడ్వుండ్రి.”