పాతకాపు జవాబులు

పాప చూస్తుండగానే వాళ్లమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది.

తెర మీద బొమ్మ కదలడం లేదు. పక్కనున్న పాత హార్డ్ డిస్కు మాత్రం టిక్కు టిక్కుమంటోంది.

"పిన్నీ! అమ్మ ఆగిపోయింది!"

కుట్టు మిషను ముందు నుంచి పిన్ని ఒక్క ఉదుటున లేచి వచ్చింది. అక్క పోయాక ఆ పిల్లకి తల్లంటూ మిగిలింది ఆ డిస్కులోనే. నవ్వినా, జోల పాడినా, కసిరినా అన్నీ అందులోనే. ఇంకెక్కడా లేవు.

కుట్టు మిషను తప్ప మరో మిషను జోలికి పోని మనిషి, ఆ పూట ఫోను పట్టుకుని ఒక గ్రూపు వెతికి పట్టుకుంది. ఫోటోలు, సినిమాలు అన్నీ ఇంట్లోనే ఒక సర్వరు డబ్బాలో దాచుకుని టీవీలో చూసుకునేవాళ్ల గ్రూపు అది.

"డిస్కు చప్పుడు చేస్తోందండీ. మా అక్క వీడియోలు అందులోనే ఉన్నాయి. తల్లి లేని పిల్లకి అవే దిక్కు. ఉన్నదంతా కంప్యూటర్లోకి కాపీ పెట్టేశాను. పరవాలేదా?" అని రాసింది.

తలా ఒక మాట చెప్పారు. ఒకాయనైతే పెద్ద పురాణమే విప్పాడు.

'పాతకాపు' అనే పేరు పెట్టుకున్నాయన దగ్గర్నుంచి మాత్రం ఒకే ముక్క వచ్చింది.

"ఆపు."

"ఎందుకండీ?"

చాలాసేపటికి జవాబు. "ముందు అమ్మ. తరవాత మిగతావి."

పిన్నికి ఒళ్లు మండింది. ఆ చెప్పడమేమిటి, పనిమనిషికి హుకుం వేసినట్టు! అయినా ఎందుకైనా మంచిదని ఆపేసి, అక్క వీడియోలు మాత్రం ముందు కాపీ పెట్టింది.

అవి పూర్తయ్యాయో లేదో, డిస్కు కాస్తా గుటుక్కుమంది. సినిమాలూ, పాటలూ, బాబాయి అపురూపంగా దాచుకున్న పాత మ్యాచులూ అన్నీ గంగలో కలిశాయి.

అక్క మిగిలింది.

ఆ మాట పాతకాపుకి చెప్పాలనే అనుకుంది పిన్ని. చెప్పలేదు. అప్పటికే కొత్త డబ్బా కొనే హడావుడిలో పడిపోయింది.

"నువ్వు డబ్బా కొంటున్నావా, పెళ్లి సంబంధం వెతుకుతున్నావా?" అన్నాడు బాబాయి.

"మ్యాచులు పోయాయని ఏడ్చింది మీరే కదా. మీరు మాట్లాడకండి," అని ఆయన నోరు మూయించి, మళ్లీ గ్రూపులో అడిగింది.

"కొట్టాయన రంగురంగుల లైట్లున్న పెద్దది చూపిస్తున్నాడు. తీసుకోనా?"

పాతకాపు: "చిన్నది చాలు."

"పోనీ, అందులో పెద్ద డిస్కు ఒకటి వేయించనా?"

"రెండు."

"ఒకటి సరిపోతుందంటున్నాడు కదా! రెండోది ఎందుకు?"

మధ్యాహ్నం అడిగితే సాయంత్రానికి వచ్చింది జవాబు. "ఒకటి పోతే?"

పిన్నికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంక ఆగలేదు.

"చెప్పేదేదో వివరంగా చెప్పొచ్చుగా! ఇంకో రెండు మాటలు రాస్తే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా? నాలుగు ముక్కలు తెలిసినంత మాత్రాన అంత టెక్కు పనికిరాదు!"

గ్రూపంతా పగలబడి నవ్వింది. బాగా గడ్డి పెట్టారన్నారు కొందరు.

మర్నాడు పిన్నికి పాతకాపు దగ్గర్నుంచి విడిగా ఒక మెసేజీ వచ్చింది.

"అలిగావా తల్లీ? పాప అమ్మని చూసిందా?"

"ఇప్పుడు తెలిసొచ్చిందన్నమాట దొరగారికి!" అని మూతి తిప్పుకుంది పిన్ని. "జవాబు కోసం కాసుక్కూచోవడం ఎలా ఉంటుందో ఆయనకీ తెలియాలి."

ఫోను పక్కన పడేసింది. కుట్టాల్సిన బట్టలు గుట్టలా పడున్నాయి. ఆ పనుల్లో ఆ సంగతే మరిచిపోయింది.

డబ్బా మాత్రం ఆయన చెప్పినట్టే కొంది. చిన్నది, రెండు డిస్కులది. ఏం దాచినా రెండింటిలోనూ పడుతుంది. ఒకటి చెడినా రెండోది ఉంటుంది. బాబాయి దాన్ని టీవీకి కలిపి, మీట నొక్కాడు.

అక్క నవ్వింది. ఈసారి చివరిదాకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "చాల్లే, ఆపండి వీడియో" అంది.

పాప కళ్లప్పగించి చూసింది.

"అమ్మని ఎవరు బాగు చేశారు పిన్నీ?"

"ఒకాయన."

"ఆయనకి చెప్పావా, బాగైందని?"

పిన్ని మొహం చిన్నబోయింది. అప్పటికప్పుడు ఫోను తీసి రాసింది.

"చూసిందండీ. కడుపునిండా చూసింది. మీ పుణ్యమే. నాకు నోటి దురుసు ఎక్కువ, మనసులో పెట్టుకోకండి." కింద తన నంబరు కూడా పెట్టింది.

ఫోను కింద పెట్టిందో లేదో, మోగింది. ఎవరో ఆడ గొంతు.

"నేను ఆయన భార్యనమ్మా. ఆయన పోయారు. మొన్ననే."

"అయ్యో! నేను ఆయన్ని నానా మాటలూ అన్నానండీ..."

"నేనే చదివి వినిపించాను. ఆయనకి కోపం రాలేదమ్మా. పాప చూసిందో లేదోననే బెంగ తప్ప ఇంకోటి లేదు. నీ దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందేమోనని చూపు నా ఫోను మీదే ఉండేది. నీకు రాసిందే ఆఖరు. ఆ తరవాత ఎవరికీ ఏమీ రాయలేదు."

పిన్నికి దుఃఖం పొంగుకొచ్చింది.

"ముక్తసరిగా రాస్తుంటే పొగరనుకున్నానండీ. ఒంట్లో బాగాలేదని ఒక్క ముక్క చెప్పి ఉంటే..."

"చెప్పనిస్తేగా! తెలిస్తే జాలిపడి అడగడం మానేస్తారని నన్ను రాయనిచ్చేవారు కాదు. ఒకప్పుడు ఊళ్లో సగం మందికి ఆ డబ్బాలు బిగించిపెట్టిన మనిషి."

"జవాబులన్నీ మీరే రాసేవారా?" అంది పిన్ని.

"పక్షవాతం వచ్చాక ఒంట్లో కదిలేది ఎడమ కన్ను ఒక్కటేనమ్మా, నేను అక్షరాలన్నీ వరసగా చదువుతుంటే, తనకి కావలసిన అక్షరం దగ్గర రెప్ప వాల్చేవారు."