బేజారు ఈరప్ప పాడె

భీమక్కకు ఏడుపు రావడం లేదు.

మొగుడు ఈరప్ప పాడె మీద ఉన్నాడు. మెడలో గన్నేరుపూల దండ, మొహాన పసుపు. ముందు తప్పెట మోగుతోంది. వెనక ఊరంతా నడుస్తోంది.

ఊరి పెద్ద తిమ్మన్న ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"యెమ్మిగనూరు దోవ కలిసేలోగా నీ కంట్లో నీళ్లు కింద పడాల భీమక్కా. పెండ్లాము ఏడ్సకుంటే ఊరికంతా తిప్పలే."

"రావాల గదన్నా. నన్నేం సెయ్యమంటావు?"

"ఆయప్పను తలుసుకోని ఏడువు."

తలుచుకుంది. తలుచుకోగానే ఒకే ఒక్క మాట గుర్తొచ్చింది. రాగం ఎత్తుకుంది.

"ఓ నా మొగుడా, సంగటి సల్లారితే బేజారంటివే. ఉడుకుడుకుగా పెడితే నోరు కాలిందని బేజారంటివే. ఆదోనిలో కాళ్లకేసుకునే కొత్త మెట్లు కొంటే కాలు కరుస్తాండాయని బేజారు, సాగినాక జారిపోతాండాయని బేజారు. సంత లేకుంటే పొద్దు పోదని బేజారు, సంత దినం జనమెక్కువని బేజారు..."

ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మోసేవాళ్ల భుజాలు కదిలాయి. పాడె ఊగింది.

"మెల్లగప్పా, ఆయనకు నడుము నొప్పి" అంది భీమక్క.

దాంతో తప్పెట కొట్టే బజారి కూడా పక్కకు తిరిగి నవ్వేశాడు. తిమ్మన్న కళ్లెర్రజేశాడు. దోవ దగ్గరపడుతోంది.

పక్కింటి హులిగెమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నీకు సలిజరమొచ్చి పడుకుంటే ఆయప్ప ఏమన్నాడో మరిస్తివా? పొయ్యి కాడ కూసోని, 'నువ్వు లెయ్యకుంటే ఈ కొంప బేజారుగా ఉండాదే' అనలేదా?"

భీమక్క అడుగు ఆగిపోయింది.

అన్నాడు. చిరాకుగా అనలేదు. తల్లి కనబడని పిల్లాడిలా అన్నాడు.

అంతే. కళ్లు నిండాయి. చుక్కలు టపటపా దుమ్ములో పడ్డాయి. ఈసారి రాగం లేదు, మాటా లేదు, ఎక్కిళ్లే. ఇందాక నవ్విన ఆడవాళ్లే ముక్కులు చీదారు.

తిమ్మన్న తృప్తిగా తలాడించి, పాడె దించమన్నాడు.

దించగానే ఈరప్ప లేచి కూర్చుని, ఒళ్లు విరుచుకుని, "వాన కోసం బతికుండే మనిషిని పాడె మీద మోసే ఈ మొక్కు ఈ ఏడు నా వంతు అయిపాయ, వచ్చే ఏడు నువ్వు పండుకో తిమ్మన్నా" అన్నాడు.