దొరసానికి పన్ను

“ఇవాళ కూడా నీకు దాసి వేషమేనా?” అన్నాడు గుస్తావ్, కూతురి కోటు వీపు మీద ఎండిపోయిన బురదను బ్రష్‌తో దులుపుతూ.

“ఊఁ” అంది కలీనా.

“దొరసాని ఎవరు?”

“ఒతీలియా.”

“ఇంకా ఆ పిల్లేనా? వేషాలు మార్చనే లేదా?”

కలీనా తల అడ్డంగా ఊపి, రొట్టె ముక్క నోట్లో కుక్కుకుంది. బడి నుంచి రాగానే ఆవురావురుమంటూ తినడం ఈమధ్య మామూలైపోయింది. మధ్యాహ్నం తిండి దొరసానికి సమర్పించుకోవాలట. ఆవిడగారి పుస్తకాల సంచి మోయాలట. ఎదురు చెబితే బురదలో పొర్లాలట.

గుస్తావ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆట మీద కాదు, దాన్ని ఇలా ఆడిస్తున్నవాళ్ళ మీద.

లుబ్లిన్ ఊరు మొత్తం మీద వేషాల ఆటల గురించి తనకు తెలిసినంత ఇంకొకరికి తెలియదని అతని నమ్మకం. అందులో కొంత నిజం లేకపోలేదు. పిల్లల సలహా కేంద్రంలో అతని ఉద్యోగమే అది. నోరు విప్పని పిల్లలకు తలా ఒక వేషమిచ్చి, పాచికలు వేయించి, కథ నడిపిస్తాడు. నత్తి ఉన్న కుర్రాడొకడు అతని బల్ల దగ్గర రాజై గడగడా తీర్పులు చెప్పాడు. కుక్కను చూస్తేనే వణికిపోయే పిల్ల తోడేలుతో బేరమాడింది. ఇక ఆదివారాలు పెద్దవాళ్ళను పోగేసి, చెక్కకత్తులతో అడవిలో యుద్ధాలు చేయిస్తాడు. అది ఊరికే సరదాకి.

అందుకే, నెల కిందట కలీనా మొదటిసారి బురద కొట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడితే అతని మొహం చేటంతయింది.

“మీ బళ్ళో చరిత్ర పాఠాన్ని ఆటగా ఆడిస్తున్నారా? జమీందార్లూ, దాసులూనా?” అని అడిగాడు. కలీనా తండ్రి మొహంలోకి కాసేపు చూసి, ఔనంది. ఇన్నాళ్ళకు ఈ ఊరి బళ్ళకు బుద్ధి వచ్చిందని ఆ రాత్రి అతను ఒకటే మురిసిపోయాడు. ఆ మురిపెం ఇప్పుడు చిరాకుగా మారింది.

“ఆటట, ఆట!” అతని భార్య దొరోతా గిన్నె ఠంగుమని బల్ల మీద పెట్టింది. “పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. పిల్ల చిక్కి సగమైంది, కనిపించట్లేదా? రేపటి నుంచి ఆడదని చెప్పేసిరా.”

“మధ్యలో లేచి వచ్చేస్తే ఏం లాభం? దాసి తిరగబడే ఘట్టం ముందుంటుంది. పిల్లకు ధైర్యం వచ్చేది అక్కడే.” అతను కూతురి వైపు తిరిగాడు. “మరీ కష్టంగా ఉంటే పియెరోగి అనమన్నాను కదమ్మా. అన్నావా?”

పియెరోగి ప్రతి ఇంట్లోనూ ఉడికించుకునే కజ్జికాయల్లాంటి వంటకమే. కానీ గుస్తావ్ ఆడించే ఆటల్లో ఎవరి నోట ఆ మాట వచ్చినా, ఎంతటి రాజైనా కత్తి దించేసి పక్కకు తప్పుకోవాలి. ఆట అక్కడికక్కడ ఆగిపోవాలి. బళ్ళో అందరికీ ఈ కట్టుబాటు చెప్పమని కూతురికి అతనే నేర్పి పంపాడు.

“అన్నాను” అంది కలీనా.

“మరి?”

“నవ్వారు.”

“నవ్వారా! మీ టీచరేం చేస్తోంది?”

“అక్కడ లేరు.”

“ఆడించే మనిషి లేకుండా ఆటేమిటి? వంటవాణ్ణి పంపించేసి పొయ్యి వెలిగించినట్టుంది!” గుస్తావ్ గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగాడు. “నువ్వు మాత్రం కంగారుపడకు. కొంచెం ఓర్చుకో. కథ తప్పకుండా మలుపు తిరుగుతుంది.”

“నిజంగా తిరుగుతుందా నాన్నా?”

“ఎన్ని ఆటలు చూశాను నేను! తిరిగి తీరుతుంది.”

గురువారం కలీనా ఒంటి జడతో ఇంటికి వచ్చింది. రెండో జడ సంచిలో ఉంది, రిబ్బనుతో సహా.

“దొరసానికి పన్ను కట్టాలన్నారు” అంది, తల వంచుకుని.

దొరోతా పిల్లను ఒళ్ళోకి లాక్కుని భోరుమంది. గుస్తావ్ ఆ జడను కోటు జేబులో పెట్టుకుని లేచాడు. కలీనా పరుగున వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

“వద్దు నాన్నా! టీచరుకి చెప్పొద్దు. ఆటే కదా!”

“ఆటకీ ఒక నీతి ఉంటుందమ్మా” అని చెయ్యి విడిపించుకున్నాడు.

క్లాసు టీచరు బోజెనా బడిలోనే ఉంది. ఖాళీ తరగతి గదిలో కిటికీలు మూస్తోంది. గుస్తావ్ పలకరింపులేమీ పెట్టుకోలేదు.

“ఈ పని పదిహేనేళ్ళుగా చేస్తున్నానండీ. మీలాంటి మనిషిని ఎక్కడా చూడలేదు!”

“గుస్తావ్ గారూ, కూర్చోండి, ఏమైం…”

“కూర్చోను. ఒక్క పిల్లనే నెల్లాళ్ళు దాసిగా ఉంచుతారా? వేషాలు మార్చాలని తెలీదూ? ఆపమంటే ఆగని ఆట ఉంటుందా ఎక్కడైనా? ఆట అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి, ఎవరికి ఏమనిపించిందో అడగాలి. ఒక్కరోజైనా అడిగారా? చేతకాకపోతే నన్ను పిలవాల్సింది. ఊరికే వచ్చి నేర్పేవాణ్ణి!”

ఆమె ఏదో అనబోయింది. అతను ఆగలేదు. జేబులోంచి జడ తీసి బల్ల మీద పెట్టాడు.

బోజెనా మొహం పాలిపోయింది. రిబ్బనును వేలితో తాకి, చెయ్యి వెనక్కి లాక్కుంది. సిగ్గుపడుతోంది, పడనీ అనుకున్నాడు గుస్తావ్.

“అయ్యో దేవుడా! ఇది కలీనా జడ కదూ? ఎవరు చేశారండీ ఈ పని?”

“ఇంకెవరు? మీరు ఆడిస్తున్న ఆటే చేసింది!”

బోజెనా అతని వైపు అయోమయంగా చూసింది.

“ఏ ఆటండీ?”