పన్నెండో బెల్లు

పదకొండు మంది మనుషులు, పదకొండు సైకిళ్లు. గైడు మూడోసారి లెక్కపెట్టాడు.

"పొద్దుట్నుంచీ అవే తలకాయలు బావా. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పిల్లలు పెట్టవు" అన్నాడు సామాన్ల వ్యాను నడిపే బావమరిది.

గైడు నవ్వలేదు. అతను నవ్వి ఏడాదయింది.

లోయ అంచు వెంట నాలుగు రోజుల సైకిలు యాత్ర అది. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క అగాధం, అడుగున ఆకుపచ్చగా నది. దారి ఇరుకు కనక వ్యాను పైరోడ్డున పోయి, సాయంత్రం బస దగ్గర కలుస్తుంది. మూడో రోజు మధ్యాహ్నం పాత రైలు సొరంగం ఒకటి వస్తుంది. దాని నడుమ వంపు దగ్గర కన్ను పొడుచుకున్నా ఏమీ కనపడదు. కేకేస్తే ఒక్క గొంతు పది గొంతులై తిరిగొస్తుంది. అందుకని గైడు అక్కడ అందరినీ ఆపి, బెల్లుతో లెక్క చూసుకుంటాడు. మొదటి రోజు ఇచ్చిన వరుసలోనే, ముందునుంచి వెనక్కి, ఒక్కొక్కరూ ఒక్కసారి మోగించాలి. ఎన్నిసార్లు మోగితే అంతమంది ఉన్నట్టు.

పోయినేడు వచ్చినవాళ్లు పన్నెండు మంది. సొరంగంలో పన్నెండుసార్లు మోగింది. "సరే, పదండి" అన్నాడు.

చీకటి పడే వేళకి, బస దగ్గర, వాళ్లలో ఒకావిడ కంగారుగా వచ్చింది. "మావారు ఇంకా రాలేదు బాబూ" అంది.

ఆయన రిటైరైన సర్వేయరు. కెమెరా పిచ్చి. ప్రతి మలుపులోనూ సైకిలు ఆపేసేవాడు. మొదటి రోజే గైడు ఓపిక పట్టలేక, "మీ ఒక్కరి కోసం పదకొండు మందిని ఎండలో నిలబెట్టలేను సార్!" అని అందరి ముందూ కసిరాడు. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. భార్య మొహమే చిన్నబోయింది.

టార్చిలైట్లు పట్టుకుని వెతగ్గా వెతగ్గా తెల్లవారుతుండగా దొరికాడు. సొరంగానికి ఇవతలే, ఒక మలుపు కింద, బండల మధ్య. సొరంగంలోనే తెలిసి వెనక్కి వెళ్లి ఉంటే బతికేవాడని డాక్టరు చెప్పాడు.

అది కాకిలెక్క అన్నారు కొందరు. ప్రతిధ్వనిని లెక్కేసుకున్నాడు అన్నారు ఇంకొందరు. చివరికి విచారణలో గైడే తల దించుకుని, "నా లెక్క తప్పింది" అని ఒప్పేసుకున్నాడు. అయినవాళ్లూ కానివాళ్లూ తలా ఒక మాట అన్నారు. ఆ భార్య మాత్రం పెదవి విప్పలేదు. అందరి తిట్లూ ఒక ఎత్తు, ఆవిడ మౌనం ఒక ఎత్తు. అదే అతన్ని లోపల్నుంచి తొలిచేసింది.

కానీ పన్నెండో బెల్లు అతను విన్నాడు. చెవులారా విన్నాడు. స్నానం చేస్తుంటే వినపడేది, అన్నం ముందు కూర్చుంటే వినపడేది. తనకి పిచ్చెక్కుతోందా, లేక పోయినాయన ఇంకా ఆ సొరంగంలోనే ఉన్నాడా? ఈ ఒక్క యాత్రతో తేల్చుకోవాలనుకున్నాడు. పదకొండు వినపడితే బతుకు గాడిలో పడినట్టే. ఇంకొక్కటి వినపడిందా, ఇక ఈ సైకిలు ముట్టుకోడు.

తీరా యాత్రకి వచ్చినవాళ్లని చూస్తే, వాళ్లలో ఆవిడ ఉంది.

అతని పైప్రాణాలు పైనే పోయాయి.

"నన్ను చివర్న ఉంచు బాబూ" అంది. బళ్లో లెక్కల టీచరట. సన్నటి గొంతు, తల వంచుకుని మాట్లాడే అలవాటు.

పోయినేడు వరుసలో భర్త ఉన్న చోటే ఉండాలనుకుంటోంది కాబోలు అనుకుని, సరేనన్నాడు.

రెండో రోజు సాయంత్రం బసలో ధైర్యం కూడదీసుకుని ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లాడు. "మేడమ్, నా లెక్క తప్పడం వల్లే..."

"నీ లెక్క సంగతి నాకు చెప్పకు బాబూ!" అంటూ లేచిపోయింది. కంచంలో అన్నం కంచంలోనే ఉంది.

తిట్టినా బాగుండేది అనుకున్నాడు.

మూడో రోజు. సొరంగం. వంపు దగ్గర ఆపాడు. పైనుంచి నీటిచుక్కలు మెడ మీద పడుతున్నాయి.

"కొట్టండి."

టింగ్. ఒకటి. టింగ్. రెండు. వేళ్లు మడుస్తూ విన్నాడు. తొమ్మిది. పది. పదకొండు.

ఆగాడు. నిశ్శబ్దం. ఏడాదిగా గుండెల మీదున్న బండ దిగిపోయినట్టయింది. "పదండి" అనడానికి నోరు తెరిచాడు.

టింగ్.

అతను ఇంకో వేలు మడిచాడు.

"మళ్లీ... మళ్లీ ఒకసారి కొట్టండి!"

మళ్లీ పన్నెండే.

సైకిలు అక్కడే పడేసి, టార్చి వెలిగించి, వరుస వెంట వెనక్కి నడిచాడు. ఒక్కో భుజమూ తాకి చూసుకుంటూ వెళ్లాడు. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండో భుజం టీచరుది. ఆవిడ వెనక చీకటి తప్ప ఇంకేమీ లేదు.

"మేడమ్, మీ వెనక... మీకూ వినపడిందా?" అన్నాడు.

వెలుతురు ఆవిడ చేతుల మీద పడింది. బొటనవేలు ఇంకా బెల్లు మీదే ఉంది.

"నా వెనక ఎవరూ లేరు బాబూ" అంది టీచరు. "పోయినేడు కూడా ఆయన ఫొటోలు తీసుకుంటూ వెనకే ఉండిపోతే, నువ్వు మళ్లీ అందరి ముందూ కసురుతావని, ఆయన వంతు కూడా నేనే కొట్టాను."