ఆర్లీన్ పక్కన చోటు

"ఇంకొక్క ఆట ఓడావంటే నీకో దణ్ణం పెట్టి వేరే జోడీని చూసుకుంటాను," అంది ఆర్లీన్.

డెబ్భై ఆరేళ్ళ లోవెల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వృద్ధాశ్రమం నుంచి ఆమె ఎక్కివచ్చే వ్యాను తొమ్మిదికి వస్తుంది, పదింటికి వెళ్ళిపోతుంది. ప్యాడిల్ అనే చేతి బ్యాటుతో నెట్ మీదుగా బంతి ఆడే ఈ పికిల్‌బాల్ కోర్టులో గడిచే ఆ గంట తప్ప ఆమె అతనితో మాట్లాడే సమయం రోజంతటిలో మరొకటి లేదు.

"పది నిమిషాలు ఆగండి. ప్యాడిల్ మార్చుకుని వస్తాను."

"మార్చుకోవాల్సింది ప్యాడిల్ కాదయ్యా, చెయ్యి!"

బెంచీల మీద కూర్చున్నవాళ్ళెవరూ నవ్వలేదు.

అరిజోనా ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. కోర్టు పక్కనున్న డాటీ దుకాణంలోకి లోవెల్ దాదాపు పరుగెత్తాడు.

"ఏదో ఒకటి ఇవ్వు డాటీ. నేను ఓడకూడదు."

"ఇది చూడు. తాకితే చాలు, తూటాలా పోతుంది."

లోవెల్ వెనక గోడకు బంతి కొట్టి చూశాడు. అది తిరిగొచ్చి అతని తల మీదుగా ఎగిరిపోయింది.

"వద్దు. ఇందాక బంతి గీత దాటి పోయే ఓడాను."

"అయితే ఇది. మెత్తన. ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేస్తుంది."

ఈసారి బంతి గోడ దాకా ఈడ్చుకుంటూ వెళ్ళి కింద పడింది.

"దీంతో దిగితే కార్ల్ నన్ను నమిలేస్తాడు."

"బలమూ కావాలి, అదుపూ కావాలి. రెండూ నిండుగా ఉన్నది ఎవరి దగ్గరా లేదయ్యా."

"ఎంతోకొంత రెండూ ఉన్నదే ఇవ్వు. తొందరగా." గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది.

డాటీ వంగి, కింది అరలోంచి ఒక బూడిదరంగు ప్యాడిల్ తీసింది.

"ఇది కాస్త మందం. బరువంతా పిడి వైపు ఉంటుంది. గట్టిగా కొట్టడానికి నీ భుజం చాలు. నీకు కావాల్సింది దాన్ని పట్టి ఆపేది. నెట్ దగ్గర మెల్లగా వేస్తూ ఉండు. బంతి పైకి లేచినప్పుడే కొట్టు."

అతను కొట్టాడు. అనుకున్న చోటికి, అనుకున్నంత వేగంతో వెళ్ళింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అక్కడికే.

"వేరే జోడీని చూసుకుంటానని ఆర్లీన్ అంది, డాటీ."

డాటీ ముఖం తిప్పుకుంది. "ముందు వెళ్ళు."

కోర్టులో అవతలి వైపు కార్ల్, అతని చెల్లెలు. "కొత్త ఆయుధమా ముసలోడా? ఓడాక తప్పు దేని మీదికి నెడతావు?" అన్నాడు కార్ల్.

లోవెల్ బదులివ్వలేదు. ప్రతి బంతీ నెట్ మీదుగా మెల్లగా దించాడు. చేతికందినవన్నీ ఆర్లీన్ తీసుకుంది. "నాది! నువ్వు కదలకు!" అని అరిచిన ప్రతిసారీ ఆమె గురి తప్పలేదు. తొమ్మిది తొమ్మిది. పది తొమ్మిది. చివరికి కార్ల్ ఓపిక చాలక బంతిని పైకి లేపాడు. లోవెల్ ఆ అన్నాచెల్లెళ్ళ మధ్యకు దాన్ని బలంగా కొట్టాడు. పదకొండు తొమ్మిది.

"అబ్బో! ఇవాళ మనిషిలా ఆడావయ్యా!" ఆర్లీన్ తన ప్యాడిల్‌తో అతని ప్యాడిల్‌ను తట్టింది. లోవెల్ కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాతి ఆటకు ఆమె తన ప్యాడిల్‌ను కంచెకున్న గూళ్ళలో ఒకదాంట్లో పెట్టింది. అక్కడ ఎవరి పక్కన ఎవరి ప్యాడిల్ ఉంటే వాళ్ళే జోడీ. లోవెల్ తనది ఆమె పక్క గూట్లో పెట్టాడు. ఆర్లీన్ దాన్ని తీసి, నొప్పించకుండా, అతని చేతిలో పెట్టేసింది.

"గెలిచాం కదండీ," అన్నాడు.

"గెలిచాం. నువ్వు మంచివాడివే. కానీ ఈ చోటు మా ఆయనది. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయాడో గానీ, ఇవాళ తప్పకుండా వస్తాడు. నా పక్కన పరాయివాడి ప్యాడిల్ చూస్తే చిన్నబుచ్చుకుంటాడు."

అతను ఆ ప్యాడిల్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మీ ఆయన పేరేమిటి?"

ఆర్లీన్ గేటు వైపు చూస్తూ జుట్టు సవరించుకుంది.

"లోవెల్."